ఎల్‌కేజీ, అంగన్‌వాడీ మొదటి వారం: చదివి వినిపించడానికి ఏ పుస్తకాలు తీసుకోవాలి?

గజపతినగరం టీచర్
జూన్ 12న బడి తెరుస్తారు. ఎల్‌కేజీలో కొత్తగా చేరేవాళ్ళు 24 మంది, వయసు మూడున్నర నుంచి నాలుగున్నర. తోడు ఒక ఆయమ్మ. మొదటి వారం రోజుకి రెండుసార్లు పుస్తకం చదివి వినిపించాలని ఉంది. అలమరాలో ఉన్నవి: నీతికథల పుస్తకాలు నాలుగు (పేజీకి పది పన్నెండు లైన్లు, మూలన చిన్న బొమ్మ), ఇంగ్లీషు అక్షరాల పుస్తకాలు రెండు, పెద్ద బొమ్మలతో జంతువుల పుస్తకం ఒకటి. వీటితో సరిపెట్టుకోవచ్చా? కొత్తవి తెప్పించాలంటే ఎలాంటివి, ఎన్ని? పది పుస్తకాల వరకు అడగగలను.

బొబ్బిలి మాస్టారు
పది వద్దమ్మా. మొదటి వారానికి మూడు చాలు. మిగతా ఏడూ వస్తే జూలైకి దాచండి.

ఆ వారంలో పిల్లకి గది కొత్త, మీ గొంతు కొత్త, పక్కన కూర్చున్న పిల్ల కొత్త. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉన్నది ఒక్కటైనా కనిపించాలి. ఆ పని పుస్తకం చేస్తుంది. మొదటిసారి విన్నప్పుడు పిల్ల బొమ్మ మాత్రమే చూస్తుంది. రెండోసారి ‘తర్వాత కోడి వస్తుంది’ అని ముందే తెలుస్తుంది. మూడోసారి నోరు కలుపుతుంది. రోజుకో కొత్త పుస్తకం తెస్తే వారమంతా మొదటిసారి దగ్గరే ఆగిపోతారు.

మూడింటినీ ఏరేటప్పుడు చూడాల్సింది మొదట పల్లవి. అదే మాట ప్రతి రెండు పేజీలకీ తిరిగి రావాలి. ‘గంప కింద ఎవరు? గంప కింద ఎవరు?’ అని మీరంటే, పేజీ తిప్పగానే ‘కొక్కొరోకో!’ అని వాళ్ళు అందుకోవాలి. కథ ఎంత బాగున్నా పల్లవి లేకపోతే మొదటి వారానికి పనికిరాదు, ఆగస్టులో చదవండి. రెండోది పొడవు. 12 నుంచి 16 పేజీలు, పేజీకి ఒకటి రెండు లైన్లు, మొత్తం 100 నుంచి 150 మాటలు. వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోవాలి. ఏడెనిమిది మాటలు దాటితే వినేవాళ్ళకి మొదలు గుర్తుండదు.

ఇక బొమ్మ. పుస్తకాన్ని కుర్చీ మీద తెరిచి నిలబెట్టి, ఎనిమిది అడుగులు వెనక్కి వెళ్ళి, కింద కూర్చుని చూడండి. ఏ జంతువు, ఏం చేస్తోంది అన్నది తెలియాలి. తెలియకపోతే వెనక వరసకి ఆ పుస్తకం లేనట్టే. పేజీ నిండా ఇరవై చిన్న చిన్న బొమ్మలున్న పుస్తకాలు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్క పిల్లకి చూపించడానికి బాగుంటాయి, 24 మందికి కాదు.

మీ నీతికథల పుస్తకాల ఇబ్బంది నీతి ఒక్కటే కాదు. పది లైన్లు చదివేదాకా ఒకే బొమ్మ నిమిషంపైన తెరిచి ఉంటుంది. నాలుగేళ్ళ పిల్ల చూపు అంతసేపు అక్కడ ఆగదు. కళ్ళు కిటికీ వైపు వెళ్ళాయంటే చెవులూ వెళ్ళినట్టే. జంతువుల పుస్తకం మాత్రం ఉంచండి, మూడింటిలో అది ఒకటి కావచ్చు.

రాజాం
మాస్టారూ, నక్క, సింహం, కాకి కథలు మన ఇళ్ళల్లో మూడేళ్ళకే చెప్తారు కదండీ. పిల్లలు చక్కగా వింటారు. బళ్ళో ఎందుకు వద్దు?

బొబ్బిలి మాస్టారు
ఇంట్లో చెప్పేది అమ్మమ్మ. వినేది ఒక్క గుంట, అంటే ఒక్క పిల్ల, అదీ ఒళ్ళో. భయమేస్తే కొంగు పట్టుకుంటుంది, అమ్మమ్మ వెంటనే కథ మళ్ళిస్తుంది. బళ్ళో మొదటి రోజు అదే పిల్ల అమ్మని వదిలి ఇంకా అరగంట కాలేదు. ‘సింహం దాన్ని తినేసింది’ అనగానే ఒకరు ఏడుస్తారు, ఆ ఏడుపు వరసంతా పాకుతుంది. తప్పిపోయిన పిల్ల, అమ్మ దొరకని కోడిపిల్ల, చీకట్లో దారి తప్పడం, ఒకర్ని ఒకరు మోసం చేయడం ఉన్న కథలన్నీ మొదటి రెండు వారాలు పక్కన పెట్టండి. చివరి పేజీ ముందే చూసుకోండి. ఇంటికి చేరడం, అన్నం తినడం, పడుకోవడం, అందరూ ఒకచోట చేరడం, వీటిలో ఏదో ఒకదానితో పుస్తకం ముగియాలి.

నాగావళి
అంగన్‌వాడీలకి శిక్షణ ఇచ్చేవాళ్ళ వైపు నుంచి నాలుగు మాటలు. పుస్తకం ఎంపిక సగం పని. దాన్ని ఎక్కడ పట్టుకున్నారు, ఎప్పుడు చదివారు అన్నది మిగతా సగం.

గుమ్మం దగ్గర ఏడుపులు నడుస్తుండగా పుస్తకం తెరవొద్దు. మొదటి అరగంట మట్టి ముద్ద, చెక్క దిమ్మలు, గిన్నెలు, బుట్టలు ఇవ్వండి. చేతులకి పని దొరికాక ఏడుపు కొంత సర్దుకుంటుంది, అప్పుడు చదవండి. రెండోసారి ఇంటికి పంపే ముందు పది నిమిషాలు మిగలగానే అదే పుస్తకం తీయండి. ‘ఈ పుస్తకం అయ్యాక అమ్మ వస్తుంది’ అని రెండు రోజులు మాట నిలబెట్టుకుంటే మూడో రోజు పుస్తకమే గడియారం. ‘పన్నెండున్నరకి వస్తుంది’ అంటే ఆ వయసుకి ఏమీ తెలియదు. అందుకని రెండో చదువుని అనుకున్న సమయం కన్నా ముందు మొదలుపెట్టకండి. పుస్తకం అయిపోయి అమ్మ రాకపోతే ఆ మాట పోతుంది.

అన్నానికి ముందు ఆకలి, తిన్నాక నిద్ర. ఆ రెండు వేళలూ వద్దు.

కూర్చోబెట్టడం: 24 మందిని ఒకేసారి వద్దు, 12 చొప్పున రెండు జట్లు. ఆయమ్మ ఒక జట్టుని బయట నీడలో ఆడిస్తే మీరు రెండో జట్టుకి చదవచ్చు. చాపలు అర్ధచంద్రంలా వేసి రెండు వరసలు. మీరు కుర్చీ మీద కాదు, పీట మీద. కుర్చీ మీద కూర్చుంటే ముందు వరస మెడలు పైకెత్తి చూడాలి, రెండు నిమిషాలకే కదలడం మొదలవుతుంది. మీ వీపు కిటికీకి ఉండకూడదు. వెనక నుంచి వెలుతురు వస్తే పేజీ నల్లగా కనిపిస్తుంది. పుస్తకాన్ని గుండెకి ఎదురుగా కాకుండా కుడి భుజం పక్కన, పిల్లల కళ్ళ ఎత్తులో, కింది అంచు మధ్యలో పట్టుకోండి. పై అంచు పట్టుకుంటే చెయ్యి బొమ్మకి అడ్డం. ఫ్యాను గాలికి పేజీలు ఎగిరితే రెండు బట్టల క్లిప్పులు సిద్ధంగా ఉంచుకోండి.

గజపతినగరం టీచర్
చాలా ఉపయోగంగా ఉంది. ఏడుపు ఆపని పిల్లని ఏం చేయాలి? లాక్కొచ్చి కూర్చోబెడితే మిగతావాళ్ళు కూడా మొదలుపెడతారు.

నాగావళి
లాక్కురావద్దు. తలుపు పక్కనే, పుస్తకం కనిపించే చోట కూర్చోబెట్టండి. బయటికి తీసుకెళ్ళిపోతే ‘ఏడిస్తే బయటికి వెళ్ళొచ్చు’ అని తెలిసిపోతుంది, పైగా పుస్తకం వినడం కూడా పోతుంది. ఏడుస్తూనే చెవి ఇటు పెడతారు. మీరు గొంతు పెంచకండి, తగ్గించండి. పల్లవి దగ్గర మాత్రం లయ తప్పకూడదు.

వంశధార
బడికి మొదటి రోజు వెళ్ళే పిల్ల కథలు బోలెడున్నాయి కదా. మొదటి రోజున అవే చదివితే సందర్భానికి కుదురుతుంది.

బొబ్బిలి మాస్టారు
సందర్భం పెద్దవాళ్ళకి. బొమ్మలో గేటు దగ్గర ఏడుస్తున్న పిల్ల కనిపించగానే ఆగిన ఏడుపు మళ్ళీ వస్తుంది. ఆ పుస్తకాల చోటు ఇల్లు. బడి తెరవడానికి వారం ముందు అమ్మో నాన్నో తాతో రాత్రిపూట చదవాలి. చేరడానికి వచ్చిన రోజునే ఇంటికి ఒక పుస్తకం ఇచ్చి పంపే వీలుంటే పంపండి. తరగతిలో అయితే నాలుగో రోజు తర్వాత, అదీ చివరి పేజీలో అమ్మ తిరిగొచ్చేది ఉంటేనే.

ఉద్దానం
భాష గురించి ఎవరూ ఎత్తలేదు. బజారులో దొరికే చవక పుస్తకాల్లో ఇంకా ‘వెళ్ళెను, పలికెను, అనెను’ ఉంటాయి. మా కవిటి, సోంపేట వైపు గుంటలు ఇంట్లో వినేది ‘ఏటి, ఎలగ, ఒచ్చీసినాడు’. ‘కుందేలు బదులు పలికెను’ అంటే వాళ్ళకి అది వేరే భాషే. అనువాదాల్లో ఇంకో రకం ఇబ్బంది. మంచు, మేపుల్ ఆకు, స్ట్రాబెర్రీ వస్తాయి. వాక్యం కూడా ‘తన టోపీని తన తలపై ధరించాడు’ అని వస్తుంది. టోపీ పెట్టుకున్నాడు అంటే చాలు కదా. కొబ్బరాకు, జీడిపిక్క, పనస, పీత, పడవ, చోడి అంబలి ఉన్న బొమ్మ చూపిస్తే చెయ్యెత్తి మాట్లాడతారు. జూన్ కాబట్టి వాన పుస్తకం ఒకటి తప్పకుండా ఉండాలి. బయట చూసిందే లోపల పేజీలో కనిపిస్తుంది.

రాజాం
అయితే చదివేటప్పుడే మొత్తం మన యాసలోకి మార్చి చదివేస్తే?

ఉద్దానం
నేనైతే మార్చేస్తాను.

బొబ్బిలి మాస్టారు
ఇక్కడ మాత్రం ఒప్పుకోను బాబూ. అచ్చులో ఉన్న వాక్యం అచ్చులో ఉన్నట్టే చదవాలి, ప్రతిసారీ అదే. ఇవాళ ‘ఎవరు’ అని, రేపు ‘ఎవులు’ అని చదివితే పల్లవి కుదురుకోదు. ఇంకో పెద్ద కారణం ఉంది. నోటి కథ చెప్పినప్పుడల్లా మారుతుంది, అచ్చు మారదు. ఈ నల్ల గీతలు ఎప్పుడు చూసినా అదే మాట చెప్తాయి అన్నది చదువులో మొదటి మెట్టు. ఒకే పుస్తకం మళ్ళీ మళ్ళీ, మాట మార్చకుండా చదివితేనే అది తెలుస్తుంది. యాస కావాల్సిన చోటు బొమ్మ గురించి మాట్లాడేటప్పుడు. ‘ఇదేటమ్మా? ఏటి సేస్తంది?’ అని మీరడగండి, వాళ్ళు ఇంట్లో మాట్లాడినట్టే చెప్పనివ్వండి, దిద్దకండి. ‘పలికెను’ పుస్తకాన్ని మార్చి చదివే కన్నా, దాన్ని ఎంచుకోకపోవడం మేలు.

ఉద్దానం
కారణం అర్థమైంది మాస్టారూ. పల్లవి ముట్టను, బొమ్మ దగ్గరే మాట్లాడిస్తాను.

మెళియాపుట్టి
మా వైపు కొండ ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల ఇంటిభాష సవర. ఇచ్ఛాపురం వైపు ఒడియా. వాళ్ళకి ‘వాడుక తెలుగు’ పుస్తకం కూడా కొత్త భాషే. అలాంటి పిల్లలు నలుగురున్నా మూడు పుస్తకాల్లో ఒకటి మాటల్లేని బొమ్మల పుస్తకం పెట్టండి. ఇంకోటి శబ్దాల పుస్తకం: అంబా, మే మే, కావు కావు, బెకబెక, వాన టపటప. శబ్దం అందుకోవడానికి ఏ భాషా రానక్కర్లేదు, మొదటి రోజే అందరితోపాటు నోరు కలుస్తుంది.

ఊళ్ళో పెద్దవాళ్ళనో అక్కనో అడిగి ఆ పుస్తకంలోని ఎనిమిది పది మాటలకి వాళ్ళ మాట తెలుగు లిపిలో చిన్న చీటీ మీద రాసుకోండి. చీటీ పుస్తకం వెనక అట్టకి అంటించండి. ఆవు బొమ్మ దగ్గర తెలుగు మాట చదివాక, ఒడియా పిల్లవైపు చూసి ‘గాయి’ అంటే ఆ ముఖం విప్పారుతుంది. మాట మీరు సరిగ్గా పలకలేకపోతే పిల్లనే అడగండి, వాళ్ళే నేర్పుతారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు మొదలవ్వాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఆయన పుట్టింది మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలోనే. ఒక చీటీ రాయడం మనకి పెద్ద పని కాదు.

గజపతినగరం టీచర్
మా తరగతిలో ఒడియా మాట్లాడేవాళ్ళు ఇద్దరున్నారు, చీటీ రాస్తాను. పుస్తకాలు ఎక్కడ చూడాలి? శ్రీకాకుళం వెళ్తే కథానిలయంలో అడగొచ్చా?

వంశధార
కథానిలయం 1997లో కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) మొదలుపెట్టింది. అది పెద్దల తెలుగు కథలకి, పత్రికలకి. పరిశోధన చేసేవాళ్ళకి నిధి. మూడేళ్ళ పిల్లల బొమ్మల పుస్తకాల కోసం వెళ్ళే చోటు కాదు. ముందు విజయనగరం జిల్లా కేంద్ర గ్రంథాలయంలో పిల్లల విభాగం చూడండి, ఎనిమిది అడుగుల పరీక్ష అక్కడే చేయొచ్చు. కొనాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్ మంచి పుస్తకం, చెన్నై తూలిక, ప్రథమ్ బుక్స్. వీటన్నిటికీ తెలుగులో చిన్నపిల్లల పుస్తకాలున్నాయి. తూలికలో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కనే ఉన్నవి కూడా దొరుకుతాయి.

డబ్బు లేకపోతే ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్ ఉంది. ఉచితంగా దించుకోవచ్చు. భాష తెలుగు, స్థాయి 1 ఎంచుకోండి. స్థాయి 1 అంటే 250 మాటల లోపు. స్థాయి 2 అంటే 600 వరకు, అది ఈ వారానికి బరువు. అక్కడ ఎవరైనా అనువాదం చేసి పెట్టొచ్చు కాబట్టి తెలుగు ఒక్కో పుస్తకానికి ఒక్కోలా ఉంటుంది. తెర మీద చూసి నచ్చిందని దించేయకుండా ఒకసారి పైకి చదవండి. నాలిక తడబడిన చోట పిల్లల చెవి కూడా తడబడుతుంది.

చీపురుపల్లి ప్రింట్
దించుకున్నవి అచ్చు వేసే దగ్గరే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. వివరంగా చెప్తాను.

దించేటప్పుడు ఎక్కువ నాణ్యత ఉన్న పీడీఎఫ్ ఎంచుకోండి. తక్కువది ఫోన్‌లో బాగుంటుంది, ఏ3 (ఏ4కి రెండింతల కాగితం) మీద మసక. మాటల్ని పీడీఎఫ్ నుంచి కాపీ చేసి వర్డ్‌లో పెట్టి పెద్దవి చేయాలని చూడకండి. తెలుగు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. పేజీ పేజీగానే అచ్చు వేయండి, లేకపోతే మాటలు మళ్ళీ టైప్ చేయండి.

నిలువు పేజీల పుస్తకమైతే ఏ3 కాగితం మధ్యకి మడిచి ఏ4 పుస్తకం చేయొచ్చు. ఒక్కో కాగితానికి నాలుగు పేజీలు, 16 పేజీలకి నాలుగు కాగితాలు. పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడకపోతే చివర ఖాళీ పేజీలు కలపాలి. షాపులో ‘బుక్‌లెట్, రెండు వైపులా, చిన్న అంచు వైపు తిప్పు’ అని చెప్పండి. పెద్ద అంచు వైపు తిప్పితే వెనక పేజీ తలకిందులు. 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని కాగితం బరువు) జిరాక్స్ కాగితం వద్దు, వెనక బొమ్మ ముందుకి కనిపిస్తుంది. 130 నుంచి 170, మెరుపు లేనిది అడగండి. మడత మీద పొడవు చెయ్యి స్టేప్లర్‌తో రెండు పిన్నులు, మొనలు లోపలివైపు, పైన సెల్లోటేపు. పిల్లల వేళ్ళు అక్కడికే వెళ్తాయి.

అడ్డం పేజీల పుస్తకానికి మడత కుదరదు. దానికి బొమ్మల అట్టలే మంచివి, జపాన్‌లో కాగితం నాటకం అని ఆడే పద్ధతి. ఒక్కో బొమ్మ ఒక్కో ఏ3 అట్ట మీద, 250 జీఎస్ఎమ్. మాటలు వెనక. మీ ముందు నిలబెట్టి పట్టుకుంటే బొమ్మల వైపు పిల్లలకి, మాటల వైపు మీకు. చదివేటప్పుడు తల తిప్పక్కర్లేదు, పిల్లల ముఖాలు చూస్తూ చదవచ్చు. మొదటి వారానికి ఇంతకన్నా అనువైనది లేదు. చాలా జిరాక్స్ మిషన్లు లావు అట్టని రెండు వైపులా తీసుకోవు, ఇరుక్కుంటుంది. మాటలు ఏ4 మీద వేరుగా వేసి వెనక అంటించండి. గమ్ము అంచుల్లో సన్నగా రాయాలి, మొత్తం పూస్తే అట్ట వంగిపోతుంది.

స్టోరీవీవర్‌లో ఎక్కువ పుస్తకాలు క్రియేటివ్ కామన్స్ బై 4.0 (పేర్లు ఉంచి ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి) కింద ఉన్నాయి కాబట్టి అచ్చు వేసుకోవచ్చు. రాసినవాళ్ళ, బొమ్మలు వేసినవాళ్ళ పేర్లున్న పేజీ మాత్రం తీసేయకండి. కొన్న పుస్తకాన్ని స్కాన్ చేసి ఇలా వేయడం అలా కాదు, దానికి అనుమతి కావాలి.

విజయనగరం కోట
ఇంగ్లీషు మీడియం ఎల్‌కేజీ అయితే తల్లిదండ్రులు మొదటి రోజు నుంచే ఇంగ్లీషు అడుగుతారు. దానికి దారి?

నాగావళి
మొదటి నాలుగు రోజులు తెలుగే. అయిదో రోజు నుంచి పేజీకి ఒకే ఇంగ్లీషు మాట, ఒకే పెద్ద బొమ్మ ఉన్నది, ఎనిమిది పేజీలు దాటకుండా. అక్షరాల పుస్తకం మాత్రం చదివి వినిపించడానికి కాదు, దాన్లో కథ లేదు, పల్లవి లేదు. గోడ పక్కన తాడు కట్టి క్లిప్పులకి వేలాడదీయండి, తిప్పుకుంటారు. తాడు ఎత్తు రెండున్నర అడుగులు. చదివిన పుస్తకం కూడా చదివాక అక్కడికే వెళ్ళాలి, అలమరాలోకి కాదు. ఆ రోజు విన్న పుస్తకాన్ని ఒంటరిగా తీసి తిప్పే పిల్ల కనిపిస్తే ఎంపిక సరిగ్గా ఉన్నట్టే.

బొబ్బిలి మాస్టారు
ప్రశ్నల గురించి ఒక్క మాట. మొదటి చదువులో ఏమీ అడగొద్దు. రెండో చదువులో పల్లవి చివరి మాట దగ్గర ఆగి మూడు లెక్కపెట్టండి, వాళ్ళే నింపుతారు. మూడో చదువులో ‘ఎక్కడ?’, ‘ఏది?’ అడగండి, వేలితో చూపిస్తారు. ‘ఎందుకు?’ అన్నది ఈ వారం వద్దు. ‘నీతి ఏమిటి?’ అసలే వద్దు. పేజీ తిప్పాక వెంటనే చదవకుండా బొమ్మని ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా చూపించండి, తర్వాతే మాట. 16 పేజీలకి ఆరేడు నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాల్లో అయిపోయిందంటే వెనక వరసకి బొమ్మ అందలేదు.

గజపతినగరం టీచర్
అయితే ఇలా అనుకుంటున్నాను. ఒకటి, మా జంతువుల పుస్తకం, శబ్దాలతో. రెండు, వాన పుస్తకం, స్టోరీవీవర్ నుంచి, ఎనిమిది అట్టలుగా. మూడు, మాటల్లేని పుస్తకం, గ్రంథాలయం నుంచి. 1, 2 రోజులు జంతువులది, పొద్దున, ఇంటికి పంపే ముందు. 3వ రోజు పొద్దున వాన, చివర జంతువులది. 4న వాన రెండుసార్లు. 5న పొద్దున మాటల్లేనిది, చివర వాన. 12వ తేదీ శుక్రవారం పడే ఏడాది సంగతేంటి?

బొబ్బిలి మాస్టారు
శని ఒక్కరోజు వచ్చి ఆదివారం ఇంట్లో ఉంటారు. సోమవారం మొదటి రోజులాగే ఏడుస్తారు. ఆ ఏడాది సోమవారం కొత్త పుస్తకం తీయకండి, జంతువులదే మళ్ళీ, మీ వరస మొత్తం ఒక రోజు జరపండి. మిగతా అమరిక బాగుందమ్మా.

గజపతినగరం టీచర్
అట్టలు తెచ్చాను. మొదటి బొమ్మ మాటలు మొదటి అట్ట వెనక, రెండోదానివి రెండో అట్ట వెనక అంటించేయనా?

చీపురుపల్లి ప్రింట్
ఆగండి, అంటించకండి. అందరూ తప్పేది అక్కడే. కట్ట నిలబెట్టినప్పుడు పిల్లలకి కనిపించేది 1వ అట్ట, మీకు కనిపించేది 8వ అట్ట వెనక. కాబట్టి మొదటి బొమ్మ మాటలు 8వ అట్ట వెనక అంటించాలి. 1వ అట్టని పక్కకి లాగి కట్ట వెనక పెట్టగానే పిల్లలకి 2వ బొమ్మ, మీకు 1వ అట్ట వెనక కనిపిస్తాయి. అంటే రెండో బొమ్మ మాటలు 1వ అట్ట వెనక, మూడోదానివి 2వ అట్ట వెనక, అలా 8వ బొమ్మ మాటలు 7వ అట్ట వెనక. వెనకవైపు పై మూలలో అట్ట నంబరు పెన్సిల్‌తో వేయండి, కట్ట జారి పడితే వరస పెట్టుకోవచ్చు. అంటించే ముందు క్లిప్పులతో తాత్కాలికంగా పెట్టి ఒకసారి మొత్తం తిప్పి చూడండి.